బరంపురంలో ఏ పేటలో, ఏ పూట తినాలి

తణుకు నుంచి ఒక సోదరుడు అడిగారు. కూతురికి ఒడిశాలోని బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో సీటు వచ్చిందట. అమ్మాయిని చేర్పించి, హాస్టలు గది సర్ది వెళ్ళడానికి కుటుంబమంతా వారం రోజులు ఇక్కడ ఉంటారు. తల్లిగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మామగారికి కారం పడదు. తనకూ భార్యకూ చేపలు ఇష్టం. "పరాయి రాష్ట్రం కదా, మన భోజనం దొరుకుతుందా? ఏ పేటలో ఏం తినాలో వివరంగా చెప్పండి" అన్నారు.

నేను ముప్ఫై రెండేళ్ళుగా ఈ ఊళ్ళోని హోటళ్ళకు, మెస్సులకు అప్పడాలు, వడియాలు వేస్తున్నాను. హోటలు ముందు గది కంటే వంటగది వెనుక గుమ్మమే నాకు బాగా తెలుసు. మూకుడులో నూనె ఏ రంగులో ఉందో, పప్పు ఎప్పుడు ఉడికిందో, పిండి రాత్రి రుబ్బారో పొద్దున రుబ్బారో సరుకు దింపేటప్పుడే కనబడుతుంది. అయినా హోటళ్ళ పేర్లు చెప్పను. ఇక్కడ వంటవాళ్ళు ఒక చోట నాలుగేళ్ళు నిలవడమే ఎక్కువ. నిరుడు నేను మెచ్చుకున్న చోట ఈ ఏడు మీరు తిని బాధపడితే ఆ తప్పు నాదవుతుంది. పేటను, పూటను చెబుతాను. ఆ రెండూ అంత తొందరగా మారవు.

ముందుగా "పరాయి" అన్న మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పట్టు నేసే కుటుంబాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు ఎందరో. ఇడ్లీ, ఉప్మా, సాంబారు ఇక్కడికి నిన్న మొన్న వచ్చినవి కావు. అందుకే మీరు వెతుక్కోవలసింది తణుకు భోజనం అనుకోను. అది దొరుకుతుంది, కానీ కాస్త పలచబడి దొరుకుతుంది. రెండు భాషల వాళ్ళు ఒకే వీధిలో వండుకుంటూ తయారుచేసుకున్న తిండి ఒకటుంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. ఈ వారంలో మీరు తినవలసింది అదే, దాని వేళకు.

ఆ తిండికి రైలు దిగగానే మొదటి ఉదాహరణ కనబడుతుంది. స్టేషను బయట, గేట్ బజారు వైపు తెల్లవారుజామునుంచే బండ్లు పెడతారు. ఉప్మా మీద ఘుగుని పోసి ఇస్తారు. ఘుగుని అంటే ఎండు బటాణీలను నానబెట్టి, ఉడికించి, మసాలాతో చిక్కగా చేసిన కూర. ఉప్మా మీద బటాణీ కూర ఏమిటని మొదటిసారి మొహం చిట్లించిన బంధువులను ఎంతోమందిని చూశాను, మూడోరోజుకు వాళ్ళే అడిగి పోయించుకున్నారు. మన ఉప్మాకు ఉండే పొడితనం పోతుంది, ఘుగునికి ఉండే ఘాటు తగ్గుతుంది. గారెను ఇక్కడ బరా అంటారు. దానికీ ఘుగునో, బంగాళాదుంప కూరో తోడు. పల్లీ చట్నీ కావాలంటే అడగండి, చాలా బండ్ల దగ్గర ఉంటుంది. ఏడున్నర లోపు వెళ్ళాలి. తొమ్మిది దాటాక అదే బరాను మళ్ళీ నూనెలో వేసి వేడిచేసి ఇస్తారు, అది గట్టిపడుతుంది. మీ తల్లిగారికి ఘుగుని పనికిరాదు, ఉల్లి వెల్లుల్లి లేకుండా బండ్ల దగ్గర దొరకడం కష్టం. ఆమెకు ఇడ్లీ, లేదా చకుళి. చకుళి అంటే బియ్యం, మినపప్పు పిండితో పోసే మెత్తని అట్టు. మన అట్టు కంటే పలచన, దోసె అంత కరకరలాడదు.

పెద్ద బజారు, దాని చుట్టూ ఉన్న పాత వీధుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు బరంపురం అక్కడ ఉంది. బరంపురం పట్టు నేసే ఇళ్ళు ఆ వైపే. మీ ఆవిడ చీర కొనడానికి ఎలాగూ వెళతారు. పదకొండింటికి వెళ్ళి బేరం ముగించుకుని ఒంటిగంటకు భోజనానికి కూర్చునేలా చూసుకోండి. ఆ వీధుల్లో చిన్న చిన్న భోజన హోటళ్ళు ఉంటాయి. నాలుగు బల్లలు, గోడమీద దేవుడి పటం, అంతే. అక్కడ అన్నం దగ్గరే మీకు మొదటి తేడా వస్తుంది. ఇక్కడ చాలామంది తినేది ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం. గింజ లావుగా, విడివిడిగా ఉంటుంది, ఒకరకమైన వాసన ఉంటుంది. పచ్చి బియ్యపు అన్నం కావాలంటే "అరువా" అని అడగాలి. ఈ ఒక్క మాట తెలియక, వచ్చిన తెలుగువాళ్ళు "ఇక్కడి అన్నం బాగోదు" అని వారమంతా రొట్టెలు తిని వెళ్ళిపోతారు.

పప్పును డాలి అంటారు, కూర తర్కారి. ఖట్టా అంటే మామిడికాయతోనో టమాటాతోనో బెల్లం వేసి చేసే తీపి పులుపు. భోజనం చివర్లో నాలుకకు రాసుకున్నట్లు తింటారు. కానీ మీ కుటుంబానికి నేను పట్టుబట్టి చెప్పేది దాల్మా. కందిపప్పో పెసరపప్పో ఉడుకుతుండగా అందులో అరటికాయ, వంకాయ, గుమ్మడి, బొప్పాయి కాయ, చేమదుంప ముక్కలు వేస్తారు. చివర్లో నేతి పోపు, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిరప పొడి, కొబ్బరి కోరు. గుడిలో చేసే పద్ధతిలో ఉల్లి వెల్లుల్లి ఉండవు, కారం నామమాత్రం. అంటే మీ తల్లిగారికీ మామగారికీ ఒకే గిన్నెలోంచి వడ్డించవచ్చు. హోటళ్ళలో కొందరు వెల్లుల్లి పోపు పెడతారు కాబట్టి "పియాజ, రసుణ బినా" అని అడిగి నిర్ధారించుకోండి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అని అర్థం. తెలుగులో అడిగినా ఈ పేటలో జవాబు తెలుగులోనే వస్తుంది, కానీ ఆ రెండు మాటలు ఒడియాలో చెబితే వంటగదిలో ఉన్న మనిషికి నేరుగా వినబడుతుంది.

ఈ పాత వీధుల్లోనే, దేశి బెహెరా వీధి దగ్గర, రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లు భావించి వేసవి మొదట్లో దాదాపు నెల రోజులు చేస్తారు. అప్పుడు రాత్రి రెండింటికి కూడా వీధిలో వేడి వేడి తిండి దొరుకుతుంది. మీరు వచ్చే నెలల్లో ఆ సందడి ఉండదు. అమ్మాయి చదువు ఐదేళ్ళకు పైగా ఉంటుంది కాబట్టి ఏదో ఒక ఏడాది చూసే వీలుంది, ఆ ఏడు తప్పక రండి.

వేసవిలో వస్తే పఖాళ అడగాలి. నీళ్ళు పోసి పులియనిచ్చిన అన్నం. మనది చద్దన్నం. ఆ పులిసిన నీళ్ళను వాళ్ళు తోరాణి అంటారు, మన ఇళ్ళలో తరవాణి అంటాం. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో పండితులు తేల్చుకోనీ, కడుపులో చల్లదనం మాత్రం ఒకటే. పఖాళలోకి నంజుకునే వాటిలో నా సరుకు కూడా ఉంటుంది. నేను వేసే మినప వడియాలను ఇక్కడ బడి అంటారు. వాటిని వేయించి చిదిమి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిముక్కలు కలిపితే బడిచురా. మా ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వంట అదే.

మీరు వచ్చే తేదీల గురించి ఒక హెచ్చరిక. వైద్య కళాశాలలో చేరికలు కార్తీకంలోకి జరిగితే, ఈ ఊళ్ళో రెండు కార్తీకాలు ఉంటాయని గుర్తుంచుకోండి. ఒడియా వారి నెల పున్నమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో ముగుస్తుంది. అందువల్ల వాళ్ళ కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందుగా, ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలై, కార్తీక పున్నమికి అయిపోతుంది. ఆ నెలంతా చాలా ఒడియా ఇళ్ళలో మాంసం, చేపలు వండరు. చేపల హోటళ్ళు వెలవెలపోతాయి, సరుకు తక్కువ తెస్తారు, తెచ్చింది నిలవ ఉంటుంది. ఆ రోజుల్లో చేపల జోలికి పోకండి, శాకాహారం మాత్రం ఏడాది మొత్తంలో అప్పుడే అద్భుతంగా ఉంటుంది. మీ తల్లిగారికి పండుగే. పున్నమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు మాంసం కొట్ల ముందు తెల్లవారకముందే బారులు తీరతారు. మన కార్తీకం అప్పటికి సగమే అయి ఉంటుంది! ఒకే అరుగు మీద ఒక ఇంట్లో మేకమాంసం వాసన, పక్కింట్లో ఉపవాసం. ఇన్నేళ్ళలో దాని గురించి గొడవ పడ్డవాళ్ళను నేను చూడలేదు. కార్తీకం కాకపోయినా గురువారం లక్ష్మీవారమని చాలా ఇళ్ళలో మాంసం మానేస్తారు, చిన్న హోటళ్ళలో కూడా ఆ రోజు రకాలు తగ్గుతాయి.

తెలుగు భోజనమే కావాలన్న రోజు గిరి రోడ్డు, అన్నపూర్ణ మార్కెట్టు పరిసరాలకు వెళ్ళండి. పప్పు, పులుసు, వేపుడు, చారు, పెరుగు, ఊరగాయ వరసగా వస్తాయి. చారు అన్న మాట ఇక్కడ అందరికీ తెలుసు. అయితే గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు గమనించేది, పులుసులో తీపి కాస్త ఎక్కువ, పచ్చళ్ళలో కారం తక్కువ. ఉత్తరాంధ్ర చేయి, ఒడియా చేయి కలిసిన రుచి. కొన్ని చోట్ల వేపుడు ఆవనూనెతో చేస్తారు. అలవాటు లేనివారికి ముక్కు దగ్గరే అడ్డుపడుతుంది. ముందే అడిగితే వేరే నూనెతో చేసేది ఏదో చెబుతారు. హోటలు మంచిదో కాదో తేల్చుకోవడానికి నా పద్ధతి ఒకటి చెబుతాను. కూర్చోగానే అప్పడం అడగండి. తాజా నూనెలో వేగిన అప్పడం లేత పసుపు రంగులో, పొడిగా వస్తుంది. పాత నూనెలో వేగినదానికి అంచులు ఎర్రబడి, చేతికి జిడ్డు అంటుతుంది, తిన్నాక గొంతులో గర ఉంటుంది. అప్పడం బాగోకపోతే ఆ రోజు అక్కడ వేపుళ్ళు, బజ్జీలు తీసుకోకండి, అన్నం పప్పుతో సరిపెట్టుకుని రండి. ఇది నా సరుకు అమ్ముకోవడానికి చెబుతున్న మాట కాదు. ఎంత మంచి అప్పడాన్నయినా చెడ్డ నూనె పాడుచేస్తుంది, ఆ బాధ వేసిన చేతికి తెలుస్తుంది.

వైద్య కళాశాల పరిసరాల్లో మీరు ఎక్కువ సమయం గడుపుతారు, కానీ తిండి గురించి అక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. రోగుల బంధువుల కోసం, విద్యార్థుల కోసం నడిచే హోటళ్ళు అవి. కడుపు నింపుతాయి. అమ్మాయి గురించి మాత్రం ఒక మాట. చాలామంది తల్లిదండ్రులు మొదటిరోజే అయిదు కిలోల ఆవకాయ, గోంగూర, కందిపొడి ఇచ్చి వెళతారు. పిల్ల మెస్సులో అన్నం మాత్రం తెచ్చుకుని గదిలో ఒంటరిగా కలుపుకుని తింటుంది. నేను మెస్సులకు సరుకు వేసే మనిషిని, అలాంటి పిల్లలను ఏటా చూస్తాను. మొదటి నెల ఏమీ పంపకండి. దాల్మా, సాగ భజా, సంతుళా తోటి పిల్లలతో కూర్చుని తిననివ్వండి. సాగ అంటే ఆకుకూర, భజా అంటే మన వేపుడు లాంటిదే. సంతుళా ఉడికించిన కూరగాయలతో చప్పగా చేసేది, జ్వరం వచ్చినప్పుడు అమ్మ చేసి పెట్టినట్లు ఉంటుంది. నెల తరవాత పొడులు పంపండి, అప్పుడు అందరికీ పంచుతుంది.

ఇక చేపలు. ఊళ్ళో కాదు, గోపాలపురం వెళ్ళి తినండి. పదిహేను కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. ఒకప్పుడు రంగూనుకు ఓడలు వెళ్ళిన రేవు అది. ఇప్పటికీ పాత కట్టడాల మొండిగోడలు తీరంలో ఉన్నాయి, పక్కనే దీపస్తంభం. అక్కడి మత్స్యకారుల ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఒడియావారు వాళ్ళను నోళియాలు అంటారు. మీరు పడవ దగ్గరకు వెళ్ళి "ఈ రోజు ఏం పడింది?" అని తెలుగులో అడగవచ్చు. అడిగి, వాళ్ళు చెప్పిన చేపనే హోటల్లో కోరండి. ఇది ముఖ్యం. హోటలు గోడమీద పన్నెండు రకాలు రాసి ఉంటాయి, ఆ రోజు వలలో పడినవి రెండో మూడో ఉంటాయి, మిగతావన్నీ మంచుపెట్టెలోవి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. 2009 మే నెలలో చుట్టాలను తీసుకువెళ్ళి తీరంలో ఒక చోట రొయ్యల వేపుడు తిన్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రొయ్యలు ఎప్పటివో అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. మసాలా ఘాటులో వాసన తెలియలేదు. ఇద్దరు పిల్లలకు మూడు రోజులు సెలైను ఎక్కించారు. పిలిచి తీసుకువెళ్ళినవాడిని నేను. ఆ తరవాత నిషేధం రోజుల్లో తెప్పలు, చిన్న పడవలు తెచ్చిన చేప కళ్ళతో చూస్తే తప్ప తినలేదు. రొయ్యలు, పీతలు అయితే మసాలా లేకుండా ముందు ఒకటి ఉప్పునీళ్ళలో ఉడికించి చూపించమంటాను. తాజా రొయ్య తీయగా ఉంటుంది, తల ఊడిపోదు.

వండించుకునేటప్పుడు వంజరమో చందువాయో దొరికితే వేపుడు చేయించండి. చిన్న చేపలు, ముళ్ళు ఉన్నవి అయితే బెసర చేయించండి. ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి మెత్తగా నూరి, ఆ ముద్దతో చేసే పులుసు. ఆవాల ఘాటు ముక్కుకు తగులుతుంది, నాలుక మంట ఉండదు. మన చింతపండు పులుసు తిని తిని పెరిగిన నాకు ఇది నచ్చడానికి రెండేళ్ళు పట్టింది, ఇప్పుడు మా ఇంట్లో వారానికొకసారి అదే. మా ఆవిడ అందులో చివర్న కొంచెం చింతపండు రసం పోస్తుంది. ఒడియా పొరుగింటావిడ అది చూసి మొదట నవ్వింది, ఇప్పుడు ఆమె కూడా పోస్తోంది. పీతలు కావాలంటే చిలికా సరస్సువి అడగండి. రంభ వైపు నుంచి వస్తాయి. మీ మామగారిని, తల్లిగారిని గోపాలపురం సాయంత్రం తీసుకువెళ్ళండి, తినడానికి కాదు, గాలికి.

గాంధీనగర్ సాయంత్రాల పేట. గుప్‌చుప్ (మన పానీపూరీ) బండ్లు, దోసెలు, వేడి జిలేబీ. పిల్లలతో వెళ్ళేది అక్కడికే. ఆస్కా రోడ్డు గురించి అడిగేవారు చాలామంది ఉంటారు, పెద్ద ఏసీ హోటళ్ళు అటువైపు పెరిగాయి. నాకు అక్కడ ప్రత్యేకంగా చెప్పవలసిన రుచి కనబడలేదు. విశాఖపట్నంలో, హైదరాబాదులో దొరికే బిర్యానీ, పనీరు కూరలే ఇక్కడా దొరుకుతాయి. పెద్దలకు కూర్చోవడానికి సౌకర్యం, కారు ఆపడానికి చోటు కావాలంటే వెళ్ళండి.

మిఠాయిలకు ఒక్క పేట అని లేదు. ఛెనా పొడ తప్పక తినండి. పాలు విరిచిన ఛెనాలో చక్కెర కలిపి, పైభాగం గోధుమరంగు వచ్చేదాకా కాల్చుతారు. అసలు రుచి ఆ మాడిన అంచులోనే ఉంటుంది, ముక్క కోసేటప్పుడు అంచు అడగండి. రసగుల్లాలో మొగలి వాసన తగిలితే ఆశ్చర్యపోకండి. గంజాం జిల్లా మొగలి పూలకు ప్రసిద్ధి, వాటి అత్తరు దేశమంతా వెళుతుంది. మన అరిసెలు ఇక్కడా అరిసాలే, పేరు కూడా మారలేదు. ఇవన్నీ మీ తల్లిగారు తినవచ్చు.

వారంలో ఒక రోజు మిగిలితే చంద్రగిరి వెళ్ళిరండి. పక్కన గజపతి జిల్లాలో, కొండల మధ్య, 1963 నుంచి టిబెట్ శరణార్థులు స్థిరపడిన చోటు. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం ఉంది. పొద్దున బయలుదేరితే రాత్రికి తిరిగి రావచ్చు. ఆ ఇళ్ళ దగ్గర చేసే మోమోలు, తుక్పా తినండి. తుక్పా అంటే నూడుల్స్ వేసిన వేడి చారు. కారం విడిగా గిన్నెలో పెడతారు, అందువల్ల మీ మామగారు నిశ్చింతగా తినగలరు. కూరగాయలతో చేసినవి కూడా ఉంటాయి, కానీ ఉల్లి లేకుండా దొరకడం కష్టం. మీ తల్లిగారికి ఆ రోజు ఇడ్లీలు, పెరుగన్నం కట్టించుకుని బయలుదేరండి.

తిరుగు ప్రయాణంలో బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు కొనకుండా ఎవరూ రైలెక్కరు. కొనేటప్పుడు అప్పడాన్ని వెలుతురుకు పట్టుకుని చూడండి. అంతటా ఒకే మందంగా ఉండాలి, వంచితే కొంచెం వంగి అప్పుడు విరగాలి. వంచగానే పెళుసుగా విరిగితే పాతది, మెత్తగా మడత పడిపోతే సరిగా ఆరలేదు, తణుకు చేరేలోగా బూజు పడుతుంది. వానాకాలంలో వస్తే ఇంటికి వెళ్ళగానే కట్ట విప్పి ఒకరోజు ఎండలో పెట్టి, పొడి డబ్బాలో సర్దండి.